తూర్పుకు సాగే సముద్రయానం: ముందు నెల, తరువాత అక్షాంశం, ఆపైన దారి

పటం మీద రెండు రేవుల మధ్య స్కేలు పెట్టి గీసిన గీత ఇంజను ఓడకు దారి అవుతుంది. తెరచాప పడవకు అది గమ్యం ఎటు ఉందో మాత్రం చెప్పి ఊరుకుంటుంది. పడమరకు పోయేవారికి ఈ తేడా అంతగా తెలిసిరాదు. భూమధ్యరేఖకు ఇరువైపులా, సుమారు 5 నుంచి 25 డిగ్రీల అక్షాంశాల మధ్య, ఏడాదిలో ఎక్కువ కాలం వ్యాపార పవనాలు తూర్పు వైపు నుంచే వీస్తాయి కనుక, వాటిని వెనక పెట్టుకుని బయలుదేరినవారు తెరచాపలను పెద్దగా సర్దకుండానే మహాసముద్రం దాటగలరు. తూర్పుకు పోవలసినవారికి అదే గాలి ముఖాన కొడుతుంది. తెరచాప పడవ గాలికి నేరుగా ఎదురు పోలేదు. గాలి వచ్చే దిక్కుకు 45 డిగ్రీల కోణంలో ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి మళ్ళుతూ సాగాలి. అలా సాగితే 1000 మైళ్ళ దూరం కాగితం లెక్క ప్రకారమే 1400 మైళ్ళు అవుతుంది. నడిసముద్రపు అలల్లో ఆ కోణం 55 డిగ్రీలకు జారితే 1700 దాటుతుంది. మైళ్ళు పెరగడం ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు గాని, ప్రతి అలకూ పడవ ముక్కు లేచి పడుతూ, తాళ్ళూ తెరచాపలూ మనుషులూ కలిసి అరిగిపోయే ఆ ప్రయాణాన్ని వారాల తరబడి సాగించడం చాలామంది వల్ల కాదు.

కాబట్టి తూర్పు ప్రయాణానికి దారి ఎంచుకోవడమంటే, సముద్రాన్ని ఏ అక్షాంశం మీద దాటాలో ఎంచుకోవడమే. ఆ అక్షాంశాన్ని నిర్ణయించేది నెల. చాలామంది ఈ పనిని తలకిందులుగా మొదలుపెడతారు: ముందు దారి గీసుకుని, తమకు తీరిక దొరికే తేదీని తరువాత దానికి అతికిస్తారు. తూర్పు ప్రయాణాల్లో తప్పించుకోగలిగి ఉండి కూడా ఎదురయ్యే కష్టాల్లో అధికభాగం ఈ వరుస తప్పడం వల్లనే వస్తుందని నా అభిప్రాయం.

దీనికి మూలం గాలుల అమరికలో ఉంది. మహాసముద్రాల్లో 30 డిగ్రీల అక్షాంశానికి అటూ ఇటూగా పెద్ద అధికపీడన ప్రాంతాలు నెలకొని ఉంటాయి. ఉత్తరార్ధగోళంలో గాలి వాటి చుట్టూ గడియారపు ముల్లు తిరిగే దిశలో, దక్షిణార్ధగోళంలో అందుకు వ్యతిరేకంగా తిరుగుతుంది. భూమధ్యరేఖ వైపు అంచున ఆ తిరుగుడే వ్యాపార పవనం అవుతుంది. ధ్రువం వైపు అంచున, దాదాపు 35 డిగ్రీలు దాటాక, పడమటి గాలి అవుతుంది. నట్టనడుమ గాలి ఆడదు. తూర్పుకు పోయే పడవ ఈ చక్రాన్ని పడమటి అంచున ఎక్కి, ధ్రువం వైపు అంచు మీదుగా దాటి, తూర్పు అంచున దిగాలి. ఎంత ఎక్కాలన్నది తేల్చుకోవడమే కష్టం: తక్కువ ఎక్కినవారు గాలి లేని చోట రోజుల తరబడి కదలకుండా ఉండిపోతారు, ఎక్కువ ఎక్కినవారికి చలి, పొగమంచు, ఒకదాని వెనుక ఒకటిగా వచ్చే అల్పపీడనాలు ఎదురవుతాయి. పైగా ఈ చక్రం ఒకచోట నిలిచి ఉండదు. వేసవిలో ధ్రువం వైపు జరుగుతుంది. శీతాకాలంలో భూమధ్యరేఖ వైపు వెనక్కి తగ్గుతుంది, దానితోపాటు అల్పపీడనాల బాట కూడా దిగివస్తుంది. అందువల్ల శీతాకాలంలో పడమటి గాలి దగ్గరలోనే దొరుకుతుంది గాని అది తరచూ తుఫాను గాలి. నడివేసవిలో దానికోసం చాలా దూరం ఎక్కాలి, అప్పటికే ఉష్ణమండలంలో తుఫానుల కాలం మొదలై ఉంటుంది. ఈ రెంటి మధ్య మిగిలే కొన్ని వారాల సందులోనే తూర్పు ప్రయాణం సాగాలి.

నావికులు దీన్ని ప్రాణాలొడ్డి నేర్చుకున్నారు. మాజెల్లాన్ నౌకల్లో ఒకటైన ట్రినిదాద్ 1522 ఏప్రిల్‌లో మొలక్కా దీవుల్లోని తిదోర్ నుంచి పసిఫిక్‌ను తూర్పుగా దాటి అమెరికా తీరం చేరాలని బయలుదేరి, సుమారు 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, అక్కడ తుఫానుకు దెబ్బతిని, సిబ్బందిలో సగానికి పైగా ఆకలికీ జబ్బులకూ బలైపోగా వెనుదిరిగింది. ఆ దారిని తెరిచినది 1565లో ఆంద్రేస్ దె ఉర్దనేతా. ఫిలిప్పీన్స్‌లోని సెబు నుంచి జూన్ 1న, నైరుతి రుతుపవనం పట్టుకుని ఉత్తరానికి ఎక్కిన ఆయన నౌక, 39 డిగ్రీల దరిదాపుల్లో పడమటి గాలుల మీద సముద్రం దాటి, అక్టోబరు 8న మెక్సికోలోని అకపుల్కో చేరింది. మనీలా నుంచి బయలుదేరిన స్పెయిన్ వర్తక నౌకలు ఆ తరువాత 1815 వరకు దాదాపు ఇదే పద్ధతిలో తూర్పుకు సాగాయి. అకపుల్కో నుంచి మనీలాకు మూడు నెలలు పట్టే ప్రయాణానికి తిరుగుదారిలో నాలుగు నుంచి ఆరు నెలలు పట్టేది. కొలంబస్ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1493 జనవరిలో కరీబియన్ దీవులను వదిలి, ఉత్తరానికి ఎక్కి, పడమటి గాలిని పట్టుకుని, పోర్చుగల్‌కు పడమరన నడిసముద్రంలో ఉన్న అజోర్స్ దీవుల మీదుగా తిరిగి వచ్చిన ఆయన దారిలో నేటికీ వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. తప్పినది కాలం. ఫిబ్రవరి నడుమ అజోర్స్ దగ్గర ఒక తుఫాను, మార్చి మొదట్లో పోర్చుగల్ తీరాన మరొకటి ఆయన నౌకను ముంచినంత పని చేశాయి. ఆ దారినే మే నెలలో పట్టే పడవలు నేడు ప్రతి ఏటా కరీబియన్ నుంచి యూరప్ చేరుతున్నాయి.

ఉత్తర అట్లాంటిక్‌లో మే నెలే ఎందుకన్నది కొంత వివరంగా చూడాలి, ఎందుకంటే తూర్పు ప్రయాణపు లెక్క అంతా అక్కడ కనిపిస్తుంది. అట్లాంటిక్ హరికేన్ల కాలాన్ని జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు లెక్కిస్తారు. అవి ముమ్మరించేది ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వరకే అయినా, జూన్ దాటి కరీబియన్‌లో ఉండడం అనవసరపు సాహసం. మరోవైపు మార్చి, ఏప్రిల్ నెలల్లో 40 డిగ్రీల దగ్గర తుఫాను గాలులు ఇంకా తరచుగానే వస్తాయి. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారాల దాకా ఉన్న సందులో బయలుదేరిన పడవకు రెండు దారులు ఉన్నాయి. ఒకటి, 32 డిగ్రీల దగ్గరున్న బెర్ముడా దీవి మీదుగా. అక్కడి నుంచి అజోర్స్‌లోని ఓర్తా రేవు సుమారు 1800 మైళ్ళు. రెండవది, బెర్ముడాలో ఆగకుండా సెయింట్ మార్టిన్ వంటి దీవి నుంచి నేరుగా ఓర్తాకు దాదాపు 2200 మైళ్ళు. ఇక్కడ మైలు అంటే 1.852 కిలోమీటర్ల నాటికల్ మైలు. బెర్ముడా దారిలో మొత్తం దూరం కొంత పెరుగుతుంది గాని, పడవ త్వరగా పడమటి గాలుల్లోకి వస్తుంది. పైగా మిగిలిన ప్రయాణానికి కొత్త వాతావరణ సూచన చూసుకుని కదిలే వీలు ఉంటుంది. నేరుగా వెళ్ళేవారు అజోర్స్ అధికపీడనం కడుపులో చిక్కుకునే అవకాశం ఎక్కువ. ఇంధనం నిండుగా ఉన్న పెద్ద పడవ ఇంజను మీద ఆ నిర్వాతాన్ని దాటేస్తుంది. 10 మీటర్ల పడవలో అంత ఇంధనానికి చోటు ఉండదు కాబట్టి బెర్ముడా దారే దానికి తగినది.

అజోర్స్ నుంచి లిస్బన్ సుమారు 900 మైళ్ళు, ఇంగ్లీషు చానల్ 1200 మైళ్ళు. జూన్ ముదిరేకొద్దీ పోర్చుగల్ తీరం వెంట ఉత్తరపు గాలి బలపడుతుంది కనుక, లిస్బన్ చేరవలసినవారు ఆ అక్షాంశానికి కొంచెం ఎగువనే ఉంటూ వచ్చి చివరిలో కిందికి దిగడం మేలు.

ఉత్తర అమెరికా తూర్పు తీరం నుంచి బయలుదేరేవారికి గల్ఫ్ స్ట్రీమ్ అదనపు సంగతి. 4 నాట్ల (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) దాకా వేగం అందుకునే ఆ ప్రవాహం ఈశాన్యంగానూ ఆపై తూర్పుగానూ సాగుతుంది కాబట్టి, తూర్పుకు పోయే పడవను అది మోసుకుపోతుంది. అయితే ఈశాన్యం నుంచి గాలి గట్టిగా వీచినప్పుడు గాలీ నీరూ ఎదురెదురుగా తలపడి, నిలువుగా లేచి విరిగే అలలు పుడతాయి. ప్రవాహాన్ని దాటే రోజున గాలి ఏ దిక్కు నుంచి ఉంటుందో చూసుకోకుండా ఆ తీరాన్ని వదలరాదు. ఇక ఉత్తరంగా, న్యూఫౌండ్‌లాండ్ పక్కనున్న గ్రాండ్ బ్యాంక్స్ మీదుగా ఐర్లాండ్‌కు పోయే దారి దగ్గరదే గాని, ఫిబ్రవరి నుంచి జూలై వరకు అక్కడ మంచుకొండలు కొట్టుకువస్తాయి, వేసవి మొదట్లో పొగమంచు కూడా దట్టంగా ఉంటుంది. టైటానిక్ 1912 ఏప్రిల్‌లో మంచుకొండను ఢీకొన్నది దాదాపు 42 డిగ్రీల అక్షాంశం దగ్గర అన్నది గుర్తుంటే, ఆ బెడద ఎంత కిందిదాకా వస్తుందో అర్థమవుతుంది. 1914 నుంచి అంతర్జాతీయ మంచు గస్తీ సంస్థ ఆ హద్దులను ప్రకటిస్తూ ఉంది. చిన్న పడవ దారి వాటికి దిగువనే ఉండాలి.

అక్షాంశం ఎంపికలో అన్నిటికంటే తక్కువగా అర్థం చేసుకునే విషయం అల్పపీడనాలకూ పడవకూ ఉన్న సంబంధం. ఉత్తరార్ధగోళంలో గాలి అల్పపీడన కేంద్రం చుట్టూ గడియారానికి వ్యతిరేకంగా తిరుగుతుంది. కేంద్రం పడవకు ఉత్తరంగా దాటిపోతే పడవకు దక్షిణపు, నైరుతి గాలులు, శీతల వాతాగ్రం (చల్లగాలి ముందుకు చొచ్చుకువచ్చే అంచు) దాటిన తరువాత వాయవ్యపు గాలి వస్తాయి. ఇవన్నీ తూర్పుకు పోయేవారికి పనికివచ్చేవే. కేంద్రం దక్షిణంగా దాటితే మాత్రం అదే అల్పపీడనం వల్ల ముఖాన తూర్పుగాలి కొడుతుంది. దక్షిణార్ధగోళంలో ఇది తిరగబడుతుంది, పడవ కేంద్రానికి ఉత్తరంగా ఉండాలి. అంటే అల్పపీడనాల బాటకు భూమధ్యరేఖ వైపు, గాలి అందేంత దగ్గరగా, దెబ్బ తగలనంత దూరంగా నడవాలన్నమాట. కొన్ని వందల మైళ్ళ తేడాలో మంచి గాలి కాస్తా తుఫాను అవుతుంది, లేదా ఎదురుగాలి అవుతుంది.

వీటికి కాలం కూడా తోడవుతుంది. ఈ వ్యవస్థలు తూర్పుకే సాగుతాయి, సాధారణంగా 20 నుంచి 30 నాట్ల వేగంతో. పడవ కూడా తూర్పుకే సాగుతుంది కాబట్టి, ఒకే దిక్కుకు పోతున్న రెండు రైళ్ళలో వేగంగా పోయేది మెల్లగా పోయేదాన్ని దాటినట్టు, అల్పపీడనం పడవను నింపాదిగా దాటుతుంది. 600 మైళ్ళ వెడల్పున్న వ్యవస్థ 25 నాట్లతో కదులుతున్నదనుకుంటే, 6 నాట్ల వేగంతో పడమరకు పోయే పడవ 19 గంటల్లో దానినుంచి బయటపడుతుంది. తూర్పుకు పోయే పడవకు దాదాపు 32 గంటలు పడుతుంది. మంచి గాలి దొరికినప్పుడు ఇది వరం, గాలి మితిమీరినప్పుడు శిక్ష. 20 నాట్లకు మించిన వేగంతో పరుగెత్తగల పందెపు పడవలు వాతాగ్రం ముందు భాగాన్ని పట్టుకుని దానితోపాటే రోజుల తరబడి సాగడం ఈ లెక్క వల్లనే సాధ్యమవుతుంది. రోజుకు 120 నుంచి 150 మైళ్ళు నడిచే మామూలు పడవ దాన్ని అనుకరించబోవడం వృథా.

నెలవారీ గాలుల పటాలను, అంటే పైలట్ చార్టులను, ఎలా చదవాలన్నది ఇక్కడే ప్రస్తావనకు వస్తుంది. అమెరికా నౌకాదళంలో మాథ్యూ ఫాంటేన్ మోరీ 1847లో ఓడల దినచర్య పుస్తకాల నుంచి గాలుల వివరాలను ఏర్చి ప్రచురించడం మొదలుపెట్టిన నాటి నుంచి ఈ పటాలు వెలువడుతూనే ఉన్నాయి. ఒక్కో గడిలో గాలి ఏ దిక్కు నుంచి ఎంత శాతం వీస్తుందో బాణాల పొడవు చెబుతుంది, ఎంత బలంగా వీస్తుందో బాణం తోకకున్న ఈకల సంఖ్య చెబుతుంది, నడుమనున్న అంకె నిర్వాతపు శాతం. ఇవి సగటులు. దక్షిణపు గాలి సగం రోజులు, ఉత్తరపు గాలి సగం రోజులు వీచే చోట సగటు గాలి అనే మాటకు అర్థం లేదు. అందువల్ల బాణాలను విడివిడిగా చూడాలి. తుఫాను గాలుల శాతాన్ని కూడా కొంత పెంచి చదువుకోవడం మంచిది, ఎందుకంటే వివరాలు పంపిన ఓడలు తుఫాను వస్తుందంటే పక్కకు తప్పుకుంటూనే ఉన్నాయి. ఉపగ్రహం ద్వారా పడవలోకి దిగే వాతావరణ సూచన మరొక రకం సాధనం. దానిని అయిదు రోజుల దాకా నమ్మవచ్చు, ఏడు రోజులు దాటితే అది ఊహకు దగ్గరవుతుంది. 2200 మైళ్ళకు 16, 17 రోజులు పట్టే ప్రయాణంలో అది మొదటి మూడో వంతుకే పనికివస్తుంది. బయలుదేరే రోజును సూచన చూసి, బయలుదేరే నెలను పటాలు చూసి నిర్ణయించాలి. ఒకదాని పని రెండవదానికి అప్పగించరాదు.

పసిఫిక్‌లో ఇదే సూత్రం పెద్ద కొలతల్లో కనిపిస్తుంది. హవాయి నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 2100 మైళ్ళే అయినా, వేసవిలో పడవలు ఈశాన్య వ్యాపార పవనాన్ని పక్కన పెట్టుకుని 35 నుంచి 40 డిగ్రీల దాకా ఉత్తరానికే ఎక్కి, అధికపీడనం అంచు తిరిగాకనే తూర్పుకు మళ్ళుతాయి. జపాన్ నుంచి అమెరికాకు దాటే దారిలో మహావృత్తం ఆశ చూపుతుంది. గోళం మీద రెండు స్థలాల మధ్య అతి తక్కువ దూరం మహావృత్తం వెంబడే ఉంటుంది కాబట్టి, టోక్యో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అది 36 డిగ్రీల నుంచి 48 డిగ్రీలు దాటేదాకా ఎక్కి దిగుతుంది. 4700 మైళ్ళలో దానివల్ల మిగిలేది సుమారు 240 మైళ్ళు. అల్యూషియన్ దీవుల చలినీ పొగమంచునూ అంత తక్కువ లాభానికి నెత్తిన వేసుకోవాలా అన్నది ఆలోచించవలసిన విషయమే. టైఫూన్లు ముమ్మరించే జూలై నుంచి అక్టోబరు కాలానికి ముందే, అంటే మే, జూన్ నెలల్లోనే జపాన్ తీరాన్ని విడవాలన్నది మాత్రం నిర్వివాదం.

దక్షిణాన భూభాగాలు అడ్డులేని సముద్రంలో పడమటి గాలి భూగోళం చుట్టూ తిరుగుతుంది. 1611లో డచ్ నావికుడు హెండ్రిక్ బ్రౌవర్ గుడ్ హోప్ అగ్రం దాటాక నేరుగా ఈశాన్యానికి మళ్ళకుండా, 40 డిగ్రీల దగ్గర తూర్పుకు సాగి ఆపైన జావా వైపు తిరిగి, హాలండ్ నుంచి ఏడాది పట్టగల ప్రయాణాన్ని ఆరు నెలల లోపే ముగించాడు. కొన్నేళ్ళలోనే డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ ఆ దారిని తన ఓడలన్నిటికీ తప్పనిసరి చేసింది. అయితే రేఖాంశాన్ని సరిగా కొలిచే సాధనం లేని రోజుల్లో ఎక్కడ ఉత్తరానికి మళ్ళాలో తెలిసేది కాదు. మలుపు ఆలస్యమైన ఓడలు ఆస్ట్రేలియా పడమటి తీరపు దిబ్బలకు తగిలాయి. 1629 జూన్ 4న అబ్రోల్యోస్ దీవుల దగ్గర పగిలిన బటావియా వాటిలో ఒకటి. ఇక్కడా మహావృత్తాన్ని గుడ్డిగా నమ్మరాదు: కేప్‌టౌన్ నుంచి హోబర్ట్‌కు అది 60 డిగ్రీలు దాటి మంచులోకి తీసుకుపోతుంది. అందుకని ఒక అక్షాంశాన్ని హద్దుగా పెట్టుకుని, అక్కడి దాకా మహావృత్తం మీద, ఆపైన ఆ హద్దు వెంట సాగుతారు. కాలం విషయంలో దక్షిణపు వేసవి అయిన డిసెంబరు నుంచి ఫిబ్రవరి తప్ప వేరే మాట లేదు. భారత నౌకాదళపు తెరచాప పడవ తారిణి 2017 సెప్టెంబరులో గోవా విడిచి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రేవుల్లో ఆగుతూ, దక్షిణ అమెరికా కొసన, 56 డిగ్రీల దక్షిణ అక్షాంశంలోని హార్న్ అగ్రాన్ని 2018 జనవరిలో దాటేలా ప్రయాణాన్ని అమర్చుకున్నది ఇందుకే. ఆ అగ్రం దాటే నెల మొదట ఖాయమవుతుంది, మిగిలిన తేదీలన్నీ దానినుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వస్తాయి. న్యూజిలాండ్ నుంచి తాహితీ వంటి చిన్న దూరంలో కూడా తుఫానుల కాలం ముగిసే ఏప్రిల్ చివరికి, శీతాకాలం ముదిరే లోపు, 35 నుంచి 40 డిగ్రీల మధ్య తూర్పుకు జరిగి, తాహితీ రేఖాంశం దగ్గరపడ్డాక ఉత్తరానికి తిరగాలి.

ఉత్తర హిందూ మహాసముద్రం ఒక్కటే ఈ చట్రంలో ఇమడదు. ఇక్కడ గాలి కోసం అక్షాంశం మారనక్కరలేదు. ఆరు నెలలు ఆగితే గాలే దిక్కు మార్చుకుంటుంది. అలాగని నైరుతి రుతుపవనం ఉన్నన్నాళ్ళూ ప్రయాణానికి అనువు అనుకోరాదు. జూలైలో సొకోత్రా దీవి తూర్పున గాలి తరచూ 30 నాట్లు దాటుతుంది. రుతుపవనం మొదలయ్యే ముందు మే నెలలోనూ, ముగిశాక అక్టోబరు, నవంబరుల్లోనూ తుఫానులు పుడతాయి. కాబట్టి ఒమన్ వైపు నుంచి భారత తీరానికి ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు వరకు, గాలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో దాటడం మంచిది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో గ్రీకు వర్తకులు ఈజిప్టును జూలైలో వదిలేవారు; ఎర్రసముద్రం దిగి వచ్చేసరికి వారికి సరిగ్గా ఈ అదనే అందేది. భూమధ్యరేఖ మీద మరో సౌకర్యం ఉంది: రుతుపవనాలు మారే ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు, నవంబరుల్లోనూ దానికి ఇరువైపులా రెండేసి డిగ్రీల మేర తూర్పుకు పారే బలమైన ప్రవాహం పుడుతుంది. క్లాస్ విర్ట్‌కీ 1973లో దీనిని వివరించాడు కనుక ఆయన పేరే దానికి నిలిచింది. 2 నాట్ల దాకా వేగమున్న ఆ నీటి మీద సుమాత్రా వైపు సాగే పడవకు రోజుకు 48 మైళ్ళ వరకు ఊరికే కలిసివస్తాయి.

తప్పనిసరిగా వ్యాపార పవనాల్లోనే తూర్పుకు జరగవలసిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికా తూర్పు తీరం నుంచి వర్జిన్ దీవులకు నవంబరులో దిగేవారు దీవుల వెంట ఎదురుగాలిలో కొట్టుకోవడానికి బదులు, ముందు పడమటి గాలులున్న అక్షాంశాల్లోనే 65 డిగ్రీల పడమటి రేఖాంశం దాకా తూర్పుకు జరిగి, ఆపైన వ్యాపార పవనాన్ని పక్క నుంచి తీసుకుంటూ దక్షిణానికి దిగుతారు. తూర్పు మైళ్ళను గాలి అనుకూలించే చోటే సంపాదించుకోవాలన్న లెక్క ఇక్కడా మారలేదు.

తేదీ జారిపోతే ఏమి చేయాలన్నది కూడా ముందే తేల్చుకోవలసిన విషయం. మరమ్మతు ఆలస్యమై జూన్ గడిచిపోయినా కరీబియన్‌లోనే ఉన్న పడవను, దారిని కొంచెం మార్చి ఎలాగైనా అజోర్స్ చేర్చాలనుకోవడం కంటే, హరికేన్ల బాటకు దిగువన కట్టేసి మరుసటి మే దాకా ఆగడం నయం. అయితే 12 డిగ్రీల దగ్గరున్న గ్రెనడా చాలునన్న పాత నమ్మకాన్ని 2004 సెప్టెంబరులో ఐవాన్ హరికేన్, 2024 జూలైలో దాని పొరుగు దీవి కరియాకూ మీద బెరిల్ హరికేన్ దెబ్బతీశాయి కనుక, 10, 11 డిగ్రీల మధ్యనున్న ట్రినిడాడ్ దాకా దిగడం మేలు.